ఆడేవాళ్ల సామాను చూసిన సార్

మా గ్రౌండు పీటీ సార్ పోయారని మొన్న బుధవారం పొద్దున పాలు పోసే ఆవిడ చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిందట. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకో చెబితే మీరు నన్ను తిట్టుకున్నా తప్పులేదు.

ఎర్రమంజిల్లో పాత క్వార్టర్ల వెనక ముళ్లపొదలతో నిండిన ఖాళీ జాగా ఉండేది. సార్ రిటైరయ్యాక చుట్టుపక్కల వాళ్లను పోగేసి దాన్ని శుభ్రం చేయించి, డిస్క్ గోల్ఫ్ కోర్సు కట్టించారు. కర్రలూ బంతులూ ఉండవు. పళ్లెం లాంటి డిస్కును దూరం నుంచి విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేయాలి. ఎంత తక్కువసార్లు విసిరితే అంత గొప్ప. తొమ్మిది బుట్టలూ పాత సైకిల్ రిమ్ములతో ఎర్రగడ్డలో వెల్డింగ్ చేయించినవే. ఎవరైనా వచ్చి ఆడొచ్చు. సార్ పెట్టిన కట్టుబాటు ఒక్కటే: ఆట అయిపోయినవాళ్లు కాసేపు కూర్చుని, ఆడుతున్నవాళ్ల సామాను చూడాలి. సామాను అంటే బ్యాగులు, చంటిపిల్లలు, ఒకసారి ఎవరో బల్కంపేట అమ్మవారి మొక్కుకు కొన్న కోడిపుంజు కూడా.

నేను పంజాగుట్టలో మా నాన్నతో ఉంటాను. ఆయనకు మతిమరుపు జబ్బు. ఆఫీసు పని ఇంట్లోంచే, మిగతా పొద్దంతా ఆయన వెనకే. నాన్నంటే ప్రేమ లేక కాదు, ఊపిరాడేది కాదు. సాయంత్రం ఆయన కునుకు తీయగానే బయట తాళం వేసి గ్రౌండుకు పరిగెత్తేదాన్ని. నాలుగు బుట్టలు ఆడి మళ్లీ ఇంటికి పరుగు. తొమ్మిదో బుట్ట ఎక్కడుందో కూడా అప్పటికి నాకు తెలియదు.

సార్ గమనించారు.

"రోజూ సగంల ఉరుకుతవేంది బిడ్డా? నీ సామాను యాడున్నది?"

"ఇంట్లో సార్. మా నాన్నగారు."

"ఒక్కడే ఉన్నడా?"

"తాళం వేసి వచ్చానండి."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చెప్పులేసుకుని నాతో ఇంటికొచ్చారు. మర్నాటి నుంచి ఐదింటికల్లా వచ్చి నాన్న దగ్గర కూర్చునేవారు. "నా ఆట పొద్దుగాల్నే అయిపోయింది. ఏం ఫికర్ చెయ్యకు, జర నిమ్మళంగ ఆడి రా" అని నన్ను పంపేవారు.

"మీరెవరండీ?" అని నాన్న రోజూ అడిగేవారు. "పీటీ మాస్టర్ని సార్, మీతోని ముచ్చట పెడదామని వచ్చిన" అని సార్ రోజూ కొత్తగా చెప్పేవారు. నిన్న చెప్పాను కదా అనలేదు, ఒక్కసారి కూడా. ఆదివారమైతే చర్చి నుంచి వచ్చిన తెల్ల చొక్కాతోనే మెట్లెక్కేవారు. నేను మొహమాటపడితే, "చూసుకునేటోళ్లను సుత ఎవరన్న చూసుకోవాలె గద" అనేవారు.

పోయిన వారం ఆయన మా మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు. చూశాను. "ఏం లేదు, పో బిడ్డా" అన్నారు. వెళ్లిపోయాను. నా ఆట గంట పోతుందని వెళ్లిపోయాను. అది నన్ను తినేస్తోంది.

గురువారం నాలుగింటికి ఆయన సమాధి. ఒక్క గంట నాన్న దగ్గర కూర్చోమని అడగడానికి ఫోన్లు చేశాను. నాకు తెలిసినవాళ్లంతా గ్రౌండు వాళ్లే. అందరూ అక్కడికే బయల్దేరారు. ఆయన చివరి చూపుకు వెళ్లలేకపోయాను. నాన్న దగ్గర కూర్చోవడానికి నాకున్నది ఆయనొక్కరే. పోయారనగానే ఏడుపు కన్నా ముందు భయం వేసింది అందుకే.

ఐదయింది. నాన్న తనంతట తానే చొక్కా తొడుక్కుని, బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, తల తడిపి దువ్వుకున్నారు. తలుపుకు ఎదురుగా కూర్చుని, "ఇంకా రాలేదేంటమ్మా ఆయన?" అన్నారు.

పక్కన కూర్చున్నాను. ఇద్దరం తలుపు వైపే చూస్తున్నాం.