దేవదానం గారి తాళం పెట్టెలు

తాడేపల్లిగూడెంలో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ముందు నిలబడి ఉన్నాను. లోపల వెల్డింగ్ జరుగుతోంది. కాలిన ఇనుము వాసన బయటిదాకా వస్తోంది. నేను కొత్తగా కొన్న పికప్ వ్యాను తొట్టిలో రెండు పక్కలా తాళం పెట్టెలు బిగిస్తున్నారు. మేస్త్రి ముఖానికి అడ్డం పెట్టుకున్న అద్దం పైకెత్తి, "చేపల మందులకి ఇంత గట్టి పెట్టెలెందుకండీ? బంగారం గానీ మోస్తారా ఏంటి?" అని నవ్వాడు. మర్యాదకైనా నవ్వాలి, నాకు నవ్వు రాలేదు. ఇదే షెడ్డులో ఇదే ప్రశ్న ఒకప్పుడు దేవదానం గారినీ అడిగారు. ఆయన జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు మండవల్లిలో ఒక చెరువు గట్టు మీద తెలిసింది.

దేవదానం గారికి ఏలూరులో చేపల చెరువుల మందుల దుకాణం ఉండేది. చదువు అవగానే నీటి పరీక్షలు చేయడానికి ఆయన దగ్గర చేరాను. పొద్దున్నే సున్నం బస్తాలు, మందు డబ్బాలు వ్యానులో వేసుకుని ముదినేపల్లి, మండవల్లి వైపు కొల్లేటి చెరువుల మీదకు వెళ్ళేవాళ్ళం. ఆయన బండి నడిపేవారు, నేను పక్కన కూర్చుని లోకం మీద విరుచుకుపడేదాన్ని. నాకు ముక్కు మీద కోపం. ఆయనేమో చర్చిలో పాటలు పాడేటప్పుడు తప్ప గొంతు పెంచి ఎరగరు. "నీ నోరు చెరువులో పెడితే గాలి కొట్టే ఏరేటర్లు అక్కర్లేదమ్మాయ్" అని మాత్రం అనేవారు.

మా బండి దగ్గర ఒక అలవాటు ఉండేది. గట్టు మీద ఆపి, మేము పరీక్షకు నీళ్ళు పట్టడానికి దిగితే, రైతులు వచ్చి తొట్టిలోంచి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకునేవారు. మళ్ళీ ఎదురుపడినప్పుడు "మొన్న పేను మందు ఒక డబ్బా తీసుకున్నానండీ" అని చెప్పేవారు. పేను మందంటే చేపల ఒంటికి పట్టే పేనును చంపేది, అసలు సిసలు పురుగుమందు. అయినా తొట్టికి టార్పాలిన్ తప్ప మరో అడ్డం ఉండేది కాదు. మా రైతుల నిజాయితీని నేను మా చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకునేదాన్ని.

అలాంటిది, ఒక వేసవిలో ఆయన ఉన్నట్టుండి బండిని గూడెంలో ఈ షెడ్డుకే తీసుకొచ్చారు. చక్రాల మీది భాగంలో రెండు పక్కలా గళ్ళ రేకుతో పెట్టెలు కట్టించారు. బస్తాలకు మధ్యలో చోటు వదిలారు. వాన నీరు దిగకుండా మూతకు రబ్బరు వేయించారు. బయట తాళం వేలాడకూడదన్నారు, తాళం లోపలికే ఉండాలన్నారు. నట్లు బయట నుంచి విప్పడానికి వీల్లేకుండా లోపలి వైపు బిగించమన్నారు. సున్నం అమ్ముకునే మనిషికి ఇంత కోట ఎందుకో నాకు అర్థం కాలేదు.

మొదటి రోజే ముదినేపల్లి దగ్గర గొడవయింది. వెంకట్రాజు గారని ఊళ్ళో పెద్ద రైతు, పెట్టె మీద అరచేత్తో కొట్టి, "ఏవండీ దేవదానం గారూ, మేం మీకు దొంగల్లా కనబడుతున్నామాండీ?" అని పదిమందిలో అడిగారు.

"అయ్యో, అదేం లేదండీ. కావలసింది అడగండి, నేనే తీసిస్తానండీ."

తీసివ్వడంతో ఆగలేదు. పేను మందు అడిగితే చెరువు దాకా తనే వెళ్ళి, దగ్గరుండి కొట్టించి, ఖాళీ డబ్బా కూడా వెనక్కి తెచ్చుకునేవారు. వెంకట్రాజు గారు ఆయనకు 'తాళాల దేవదానం' అని పేరు పెట్టారు. కొల్లేటి గట్లన్నీ ఆ పేరుతోనే పిలిచాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. "వయసుతో పాటు మీకు పిసినారితనం కూడా పెరుగుతోందండీ" అనేశాను.

"పెరగనీలే అమ్మా" అన్నారు, అంతే.

ఆ వానాకాలం కొన్నాళ్ళు ఎండ మొహమే చూడలేదు. ముసురు పడితే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. మండవల్లి దగ్గర చెరువు కౌలుకు చేస్తున్న సూరిబాబు నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. మేము వెళ్ళేసరికి శీలావతి, బొచ్చె చేపలు నీళ్ళు కనబడనంతగా తెల్లగా తేలి ఉన్నాయి. సూరిబాబు ఏడవడం లేదు. అందరినీ నవ్వించే ఆ మనిషి మమ్మల్ని చూసి, "టీ తాగుతారాండీ?" అని అడిగాడు.

నేను సీసా పట్టుకుని నీళ్ళలోకి దిగాను. దేవదానం గారు తూము చూడటానికి అవతలి వైపు వెళ్ళారు. ధన్ మని రేకు చప్పుడైంది. తిరిగి చూస్తే సూరిబాబు మా తొట్టిలో ఉన్నాడు. గడ్డపారతో పెట్టె మూత పెకలిస్తున్నాడు.

"ఏంటండీ అది? అడిగితే ఇవ్వమా?" అని అరిచాను. దొంగతనం అనుకున్నాను. అంతకు మించి నా బుర్రకు తట్టలేదు.

దేవదానం గారు పరుగెత్తుకొచ్చారు. ఆయన పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. తొట్టిలోకి ఎక్కి సూరిబాబును వెనక నుంచి రెండు చేతులా పట్టుకున్నారు.

"తాళం చెవి ఇవ్వండి. ఒక్క పేను మందు డబ్బా. చెరువులో వేసుకుంటానండీ."

చెరువులో ఇంకేం మిగిలిందని? అప్పుడు తెలిసింది నాకు. చేతిలో సీసా ఎటు పోయిందో తెలియదు.

"ఇవ్వనురా" అన్నారు దేవదానం గారు. రైతుల పిల్లలను కూడా అండీ అని పిలిచే మనిషి. "నన్ను తిట్టు, కొట్టు. ఇవ్వను."

సూరిబాబు అన్నయ్యకు ఫోన్ చేశాను. ఆయన వచ్చేదాకా వాళ్ళిద్దరూ ఆ తొట్టిలోనే, ఒకరినొకరు వదలకుండా కూర్చున్నారు. అటు నుంచి అటే ఏలూరులో డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళాం. తర్వాత కూడా చాన్నాళ్ళు మా బండి రోజూ మొదట సూరిబాబు ఇంటి ముందే ఆగేది.

తిరిగి వస్తుంటే దారిలో దేవదానం గారు బండి పక్కకు ఆపారు.

"పోయినేడు ముదినేపల్లి వైపు ఒకాయన మన తొట్టిలో డబ్బా తీసుకున్నాడమ్మా. నేను చూశాను కూడా. తర్వాత చెప్తాడులే అనుకున్నాను. చెప్పడానికి ఆయన లేడు."

"మరి ఈ మాట అందరికీ చెప్పొచ్చు కదండీ? ఎందుకండీ అన్ని మాటలు పడటం?" అన్నాను.

"ఆ ఇంటివాళ్ళు బయట వేరేగా చెప్పుకున్నారు. మనం ఎలా చెప్తాం? ఇవాళ్టిది కూడా ఎక్కడా అనకు. సూరిబాబు ఈ గట్ల మీదే బతకాలి."

దేవదానం గారు నిరుడు పోయారు. ఏలూరులో చర్చి నిండిపోయింది. నా వెనక వరుసలోంచి వెంకట్రాజు గారి గొంతు వినిపించింది. "పైకి కూడా తాళాలు పట్టుకెళ్ళుంటాడండీ." ఎవరో కిసుక్కున నవ్వారు. ఎక్కడా అనకు అన్న ఆయన మాట కోసం పళ్ళు బిగించి కూర్చున్నాను. సూరిబాబు లేచాడు.

"ఆ తాళం వల్లే నేనివాళ ఇక్కడ నిలబడ్డానండీ. మా చెరువు పోయిన రోజు మందు డబ్బా కోసం ఆ పెట్టె పగలగొట్టబోయాను. మూత ఊడి రాలేదు."

ఇన్నేళ్ళు మేము దాచినది అతనే పదిమందిలో పెట్టేశాడు.

బయటికి వచ్చాక వెంకట్రాజు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, మా తమ్ముడిది గుండెపోటని ఊరంతా చెప్పాం. మీ బండి డబ్బా మేమే పూడ్చిపెట్టాం. దేవదానం గారికి తెలుసా?"

ఆ ఇల్లు ఎవరిదో నాకు ఆ క్షణం దాకా తెలియదు. తెలుసన్నట్టు తల ఊపాను.

"తెలిసే, నాచేత అన్ని మాటలు పడ్డారా?" అన్నారాయన. అక్కడే మెట్ల మీద కూలబడిపోయారు.

ఇప్పుడు ఆ చెరువుల మీదకు నేనే వెళ్తున్నాను. నా కోపం తగ్గలేదు, నోరూ తగ్గలేదు. కానీ గట్టు మీద బండి ఆపాక ముందు రైతు ముఖం చూస్తాను. తిన్నారా అని అడుగుతాను, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడతాను. చెరువు నీళ్ళు పట్టే సీసా ఆ తర్వాతే తీస్తాను.