రోజుకి రెండుసార్లు చచ్చే తాళ్ళ మేస్త్రి

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. వాన సంగతేమో గానీ, తాళ్ళ మేస్త్రి ప్రాణం పోయే వేళ మాత్రం ఆ సందు సందంతటికీ తెలుసు. పొద్దున పదింపావుకి ఒకసారి, సాయంత్రం నాలుగుంపావుకి ఇంకోసారి. సెలవు రోజుల్లో అదనంగా మధ్యాహ్నం కూడా. చంపేవాడు పరాయివాడైతే పోలీసులకైనా చెప్పుకునేవాడు. కడుపున పుట్టినవాడే చంపుతుంటే ఎవరికి చెప్పుకుంటాడు పాపం?

కొడుకు గైడు. పాత రేవు చూడ్డానికి వచ్చిన జనాన్ని సెగ్వేల మీద ఎక్కించి ఊరంతా తిప్పుతాడు. సెగ్వే అంటే ఏమీ లేదు, రెండు చక్రాల మధ్య ఒక పీట, పట్టుకోడానికి ఒక కర్ర. ముందుకు వంగితే ముందుకు పోతుంది. వెనక్కి వాలితే ఆగుతుంది. ఇంకా వాలితే వెనక్కే పోతుంది. "కాళ్ళున్నవాడు నడిచే పోతాడు. లేనివాడు దీని మీద నిలబడలేడు. మరి ఇదెవరి కోసంరా?" అని మేస్త్రి మొదటి రోజే అడిగాడు. కొడుకు దగ్గర దానికి జవాబు లేదు. జీతం మాత్రం ఉంది.

ఈ చావు కథ మొదలైంది ఆ ఉద్యోగంలో చేరిన మూడో రోజున. పాత సుంకాల ఇంటికీ దీపస్తంభానికీ మధ్య ఒక ఇరుకు సందు ఉంది. అందులో రాజు లేడు, ఫిరంగి లేదు, చెప్పడానికి గడ్డిపరకంత చరిత్ర లేదు. ఉన్నదల్లా మేస్త్రి ఇల్లు. మేడ మీది కిటికీలో వాళ్ళమ్మ నిలబడి పాలవాడు ఎంతకీ రాడేమని వీధి చివరికి చూస్తోంది. "ఆవిడెవరు?" అని ఎవరో అడిగారు. మా అమ్మ అంటే ఏం బాగుంటుంది? కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, "ఓ కెప్టెన్ గారి భార్య. ఆయన ఓడతో పాటు మునిగిపోయాడు. ఈవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది" అనేశాడు. అంతే, పది మందీ ఫోన్లు పైకెత్తారు.

ఆ రాత్రి మేస్త్రి భార్య కొడుకుని నోటికొచ్చినట్టు తిట్టింది. ముత్తైదువని పట్టుకుని విధవని చేస్తావా, నీ నోరు పడిపోనూ, అంది. మర్నాడు పదింటికి తల దువ్వుకుంది. వారం తిరిగేసరికి ఒక తెల్ల రుమాలు సంపాదించి, ఎప్పుడు ఊపాలో కూడా నేర్చేసుకుంది. మూడేళ్ళ నుంచి ఆ వేషం ఒక్క రోజు తప్పలేదు. మరి చచ్చినవాడు కిటికీలో కనిపించకూడదు కదా. ఆ పది నిమిషాలూ మేస్త్రి వంటింట్లో ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కుక్కిన పేనులా కూర్చోవాలి. దగ్గొస్తే మింగాలి. ఆ ఫ్రిజ్ ముసలి గేదెలా రొప్పుతూ ఉంటుంది, కింద కొడుకేం చెప్తున్నాడో సగం కూడా వినపడదు. "కెప్టెన్" అనే మాటా, జనం "అయ్యో" అనడమూ, అంతే.

ఇంతకీ మేస్త్రి ముప్ఫై నాలుగేళ్ళు చేసిన పనేమిటంటే, వచ్చిన ఓడని గట్టుకి కట్టడం. ఓడ మీదనుంచి ముందు సన్నతాడు విసురుతారు. దాన్ని పట్టి లాగితే దాని వెనక తొడంత లావు తాడు నీళ్ళోంచి లేచొస్తుంది. దాని ఉచ్చు తీసుకెళ్ళి గట్టు మీది ఇనప గుంజకి తగిలించాలి. వినడానికి ఇంతే. వర్షంలో, జారుడు గట్టు మీద, వెనక్కి వాలి వాలి లాగితే తెలుస్తుంది. ఆ పనిలోనే కుడిచేతి చూపుడు వేలూ, మధ్య వేలూ పోయాయి. మిగిలిన మూడు వేళ్ళతో అన్నం తింటాడు, సంతకం చేస్తాడు, ఎవడైనా పేచీ పెడితే చొక్కా పట్టుకుంటాడు. కాలరు బొత్తం మాత్రం పెట్టుకోడు. అడిగితే, "గాలి ఆడాలి" అంటాడు. చలికాలంలోనూ ఇదే మాట.

చావడం అలవాటైపోయింది, అలాగే గడిచిపోయేదే. కానీ ఒక శుక్రవారం మధ్యాహ్నం కొడుకు కాగితంలో చుట్టిన ఒక రేకు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. విప్పితే ఇత్తడి. తళతళా మెరుస్తోంది. దాని మీద చెక్కిన అక్షరాలు: "కెప్టెన్ గారి కిటికీ. కడలిలో కలిసిన భర్త కోసం ఒక ఇల్లాలు నేటికీ ఎదురుచూసే చోటు."

"కంపెనీ వాళ్ళు చేయించారు నాన్నా. సోమవారం వచ్చి మన గోడకి బిగిస్తారు."

మేస్త్రి దాన్ని రెండుసార్లు చదివాడు. "నోటిమాటగా చంపావు, పోన్లే, గాలికి పోతుంది అనుకున్నాను. ఇత్తడి మీద చెక్కించాక ఇంక లేస్తానట్రా? రేపు నేను నిజంగా పోతే, ఇదివరకే పోయాడుగా అని మోయడానికి కూడా ఎవడూ రాడు."

"ఏదో వ్యాపారం నాన్నా."

"సరే, ఎలాగూ చెక్కిస్తున్నారు. తాళ్ళ మేస్త్రి ఇల్లు అని చెక్కించు. అబద్ధం తప్పుతుంది."

కొడుకు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ మామూలుగానే అన్నాడు: "తాళ్ళు కట్టేవాడి ఇల్లు చూడ్డానికి ఎవరొస్తారు నాన్నా?"

మేస్త్రి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఊళ్ళో ఎవడన్నా ఈ మాట అనుంటే వాడి పళ్ళు లెక్కపెట్టేవాడు. ఆ తాళ్ళతోనే వీడు పెరిగాడు, వీడి చదువూ ఆ తాళ్ళే, వీడు మొదటిసారి తొడుక్కున్న బూట్లూ ఆ తాళ్ళే. ఇదంతా గొంతుదాకా వచ్చింది. మింగేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే టిక్కెట్ల గదికి పోయాడు. అక్కడ కూర్చునేది కోడలే.

"ఏంటి మావయ్యా, ఇలా వచ్చారు?"

"ఎలా చచ్చానో వినాలమ్మా. మూడేళ్ళయింది, ఇప్పటిదాకా పూర్తిగా వినలేదు. సోమవారం లోపల వింటే, ఆ రేకుకి ఒప్పుకోవాలో వద్దో చెప్తాను."

కోడలు పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోడానికి. "పదింటి జట్టులో ఒకాయన రావట్లేదన్నారు" అంటూ హెల్మెట్టు తీసి మావగారి నెత్తిన పెట్టి, గడ్డం కింద పట్టీ తనే బిగించింది.

గైడుగారు బయటికొచ్చి వరసలో చివర నిలబడ్డ తండ్రిని చూశాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. ముందర ఎనిమిది మంది: టోపీ పెట్టుకున్న రిటైర్డు బ్యాంకు ఆఫీసరూ, కొత్తగా పెళ్ళైన జంటా, నోటుబుక్కు పట్టుకున్న టీచరమ్మా, మిగతావాళ్ళూ. అందరి ముందూ ఏమంటాడు?

"సార్," అన్నాడు గొంతు సవరించుకుని, "మోకాళ్ళు కొద్దిగా వంచండి సార్."

"అలాగే బాబూ" అన్నాడు మేస్త్రి. ముప్ఫై రెండేళ్ళ పెంపకంలో కొడుకు నోట "సార్" వినడం అదే మొదటిసారి. చచ్చినందుకు ఇదొక్కటీ దక్కింది అనుకున్నాడు.

మొదట్లో బాగానే నడిచింది. పాత గిడ్డంగులు చూశారు, తుప్పు పట్టిన ఫిరంగి చూశారు. మేస్త్రి పీట మీద నిటారుగా నిలబడి, తనూ పెద్దమనిషిలా తల ఊపాడు. గట్టు దగ్గరికొచ్చేసరికి ఒక సరుకు ఓడ ఒడ్డుకి చేరుతోంది. పైనుంచి సన్నతాడు గాల్లోకి లేచింది. అది చూడ్డమే తడవు, మేస్త్రి ఒళ్ళు తనంతట తనే వెనక్కి వాలింది. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు! అక్కడ తాడు పట్టినవాడు ఎవడో, ఇక్కడ లాగుతున్నది ఈయన. సెగ్వేకి ఈ సంగతులేం తెలుసు? వెనక్కి వాలాడు కదా అని గిర్రున వెనక్కి పోయింది. బ్యాంకు ఆఫీసరు టోపీ నీళ్ళలో పడింది, ఆఫీసరు మాత్రం గుంజని కావలించుకుని బతికిపోయాడు.

"ఏంటయ్యా నువ్వు, కళ్ళు కనపడవా?"

"వెనకాల కళ్ళెవడికుంటాయండీ?" అన్నాడు మేస్త్రి.

కొడుకు దగ్గరికొచ్చి పళ్ళ మధ్యనుంచి, "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఇంటికిపో" అన్నాడు. మేస్త్రి గట్టిగా, "తర్వాతేంటి చూడాలి గైడుగారూ?" అన్నాడు.

తర్వాతది సందు. తన ఇంటిని తను ఎప్పుడూ అలా చూడలేదు, పరాయివాళ్ళ మధ్య నిలబడి, తల పైకెత్తి. గోడ రంగు వెలిసిపోయింది. కిటికీలో భార్య, ఆ తెల్ల రుమాలూ, సముద్రం వైపు చూపూ. ఆవిడ కిందకి చూడలేదు. కిందకి చూడకపోవడమే ఆ వేషానికి ప్రాణం. కొడుకు ఒకసారి తండ్రి వంక చూసి, చేసేదేం లేక మొదలుపెట్టాడు.

కథలో తుపాను వచ్చింది. మేస్త్రి ఓర్చుకున్నాడు. కెప్టెను చేతి రెండు వేళ్ళు తాడు కింద నలిగి తెగాయి. ఒరేయ్, కెప్టెన్లకి వేళ్ళెందుకు పోతాయిరా, వాళ్ళు పైన కాఫీ తాగుతూ అరుస్తుంటారు గదా, అనుకుని అదీ ఓర్చుకున్నాడు. అప్పుడు కొడుకు గొంతు తగ్గించాడు.

"వేళ్ళు పోయాక ఆయనకి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రాలేదు. రోజూ తెల్లారగానే ఆవిడ ఈ కిటికీ దగ్గర ఆయన్ని నిలబెట్టి, కిందనుంచి ఒక్కొక్కటే పెట్టేది. చివరికి కాలరుది. ఆయన సిగ్గుతో ఆవిడ మొహం చూడలేక సముద్రం వైపు చూసేవాడు. ఆవిడ ఇవాళ్టికీ అక్కడే నిలబడేది అందుకే."

 అది నిజం. ప్రతి అక్షరం నిజం. ఆరు నెలలు జరిగింది ఆ భాగోతం. కొడుక్కి అప్పుడు ఆరేళ్ళు, చాప మీద కళ్ళు మూసుకుని పడుకునేవాడు. నిద్రపోతున్నాడనుకున్నారు. తర్వాత మేస్త్రి మూడు వేళ్ళతో బొత్తాలన్నీ నేర్చుకున్నాడు, కాలరుది తప్ప. ఆ ఒక్కదాని కోసం మళ్ళీ పెళ్ళాన్ని అడగడానికి నోరు రాలేదు. గాలి ఆడాలి అన్నాడు. ఇరవయ్యారేళ్ళుగా అదే అంటున్నాడు.

తనని చంపినా సరేనన్నాడు. తుపానులో ముంచినా సరేనన్నాడు. కానీ ఇది?

"ఆవిడ బొత్తాలు పెట్టింది నాకురా!" అని అరిచాడు. "ఆ కెప్టెన్ గాడికి కాదు! నాకు!"

 పైన ఆవిడ మూడేళ్ళలో మొదటిసారి కిందకి చూసింది. హెల్మెట్టు పెట్టుకుని, చక్రాల పీట మీద ఊగుతున్న మొగుడు కనిపించాడు.

"ఏమండీ! అదేం ఎక్కుడండీ, మీ మోకాళ్ళేమైపోతాయి? దిగండి ముందు!"

"కెప్టెన్ తిరిగొచ్చాడు!" అంది జంటలోని కొత్త పెళ్ళికూతురు. జనం ఒకటే చప్పట్లు. ఇదంతా టిక్కెట్టులో భాగమే అనుకున్నారు. ఆఫీసరు టోపీ సంగతి మర్చిపోయి వచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "అచ్చం తెగినట్టే ఉంది. ఎలా చేశారండీ ఇది?"

"కెప్టెన్ని కాదయ్యా బాబూ! తాళ్ళు కట్టేవాణ్ణి. తుపానూ లేదు గిపానూ లేదు. ఎర్రటి ఎండ. ఉల్లిపాయల ఓడ. పైన తాడు లాగే మిషనువాడు చెప్పకుండా లాగుతున్నాడని, వాడి వంశాన్ని తిడదామని తలెత్తాను. తిట్టు పూర్తయ్యేలోపు వేళ్ళు పోయాయి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీచరమ్మ మాత్రం నోటుబుక్కు తెరిచి, "మరి తర్వాత ఏం చేశారు?" అంది.

"ఏం చేస్తాను? మళ్ళీ వెళ్ళి తాళ్ళు కట్టాను."

ఆవిడ రాసుకుంది. కొడుకు తల వంచుకుని, "ముందుకు వంగండి సార్, వెళ్దాం" అన్నాడు. ఈసారి ఆ "సార్" ఎవరి కోసమో మేస్త్రికి అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక భార్యని నిలదీశాడు. "వాడు బొత్తాల సంగతి చెప్తున్నాడని నీకు తెలుసా?"

"రోజూ వింటున్నాగా."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఆపించేవారు. రోజుకి రెండుసార్లు నా గురించి ఒకడు నాలుగు మంచిమాటలు చెప్తుంటే నాకేమన్నా చేదా? మీరు ఒక్కసారన్నా చెప్పారా?"

మేస్త్రి ఫ్రిజ్ పక్కకి పోయి స్టూలు మీద కూర్చున్నాడు.

సోమవారం మేకులు పట్టుకుని ఎవరూ రాలేదు. గోడ పాతది, మేకు దిగితే పెచ్చులూడుతుందని కొడుకు కంపెనీకి చెప్పాడట. రేకు ఇప్పుడు పాలగిన్నె మీద మూత. పదింపావైంది. మేస్త్రి అలవాటు ప్రకారం స్టూలు మీద కూర్చుని, ఆ వెంటనే మళ్ళీ లేచి ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు.

"ఈ ఇల్లు ఒక తాళ్ళ మేస్త్రిది" అంటున్నాడు కొడుకు. "ముప్ఫై నాలుగేళ్ళు ఈ రేవుకొచ్చిన ఓడలన్నీ కట్టిన చెయ్యి ఆయనది. రెండు వేళ్ళు ఉల్లిపాయల ఓడ దగ్గర పోయాయి, అదీ ఒకణ్ణి తిడుతూ. ఆయన మా నాన్న."

"ఎప్పుడు పోయారండీ?" అని ఎవరో జాలిగా అడిగారు.

"పోలేదు. పైనే ఉన్నాడు. రమ్మంటే రాడు, మహా మొండి."

కింద చిన్న నవ్వు. కెప్టెనుకి వచ్చినన్ని "అయ్యో"లు రాలేదు, ఫోన్లు కూడా రెండో మూడో లేచాయి. మేస్త్రి భార్య కిటికీలోంచి తల తిప్పి, "మీరు చచ్చినప్పుడే గిరాకీ బాగుంది. రండి ఇలా" అంది.

వెళ్ళాడు. ఆవిడ రుమాలు పక్కన పెట్టి, అడక్కుండానే చెయ్యి చాపి కాలరు పట్టుకుంది.

"కింద వాళ్ళు చూస్తున్నారే" అన్నాడు, సముద్రం వైపు చూడబోతూ.

"చూడనీండి. ఇటు తిరగండి, బొత్తం అందట్లేదు."

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ బొత్తం పెట్టేసింది.