అమెరికా పట్టాభిషేకం

ఎండాకాలంలో బంగారుపాళ్యంలోని మా ఇంటి కిటికీ తీస్తే చాలు, మామిడిగుజ్జు ఫ్యాక్టరీల నుంచి తియ్యటి, కొంచెం పులిసిన వాసన లోపలికి వస్తుంది. అందరికీ తోటలు గుర్తొస్తాయేమో గానీ, నాకు మాత్రం అమెరికా అంతర్యుద్ధం గుర్తొస్తుంది. ఎందుకో చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకే ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

మా నాయన మామిడి వ్యాపారి. కోతలు మొదలైతే వెనక గదిలో వరిగడ్డి పరిచి, బేనీషా, నీలం రకాల కాయలు పేర్చి మాగబెట్టేవాళ్ళు. ఆ తలుపు తీయగానే వెచ్చగా తగిలే వాసనకు, సంగటీ ఊరుబిండీ కడుపునిండా తిన్నా మళ్ళీ ఆకలయ్యేది. గంపల అడుగున వేయడానికి నాయన చిత్తూరు నుంచి పాత కాగితాల కట్టలు తెచ్చేవాడు. ఒక ఏడాది వాటిలో ఏదో మాసపత్రిక సంచికలు దొరికాయి, అందులో అమెరికా చరిత్ర మీద వరస వ్యాసాలు. రాసినాయన ఎవరో గానీ, మహానుభావుడు! వానలో నడిచే సిపాయి బూట్లలో నీళ్ళ చప్పుడు వినిపించేలా, పత్తిచేలో బిడ్డను వీపున కట్టుకున్న బానిస తల్లి ఉత్తరం దిక్కు చూస్తూ నిలబడటం కనిపించేలా రాశాడు. తొక్కుడుబిళ్ళకు పిలిచినా పోకుండా చదివేదాన్ని.

మా అవ్వ, అంటే నాయన తల్లి, మాగిన కాయలు ఏరుతూ నాచేత గట్టిగా చదివించుకునేది. ఆమెకు అక్షరం రాదు. ఏటా పురాణం విన్న మనిషి గనక అమెరికా కూడా ఆమెకు పురాణమే అయింది. ఉత్తరంవాళ్ళూ దక్షిణంవాళ్ళూ కొట్టుకుంటుంటే "దాయాదులు గదా, అట్నే ఉంటారు" అనేది. చెడ్డ ఘట్టం దగ్గర చదువు ఆపితే ఇంటికి కీడనీ, పట్టాభిషేకమో పెళ్ళో వచ్చాకే పుస్తకం మూయాలనీ ఆమె నియమం.

ఒకసారి నాయన కాయల లారీతో మద్రాసు వెళ్ళాడు. తెల్లారేసరికి రావాల్సిన మనిషి మధ్యాహ్నమైనా రాలేదు. అవ్వ గడపకూ గదికీ మధ్య తిరిగి తిరిగి, "సదువు పాపా, మనసు బాగల్యా" అంది. చదివాను. బానిసలను విడిపించిన అధ్యక్షుడు నాటకం చూస్తూ తుపాకీ గుండుకు కూలిపోయాడు. తర్వాతి సంచిక లేదు. ఏ గంప అడుగున మద్రాసు పోయిందో.

అవ్వ చేతిలో కాయ జారిపోయింది. "ఆడ నిలపొద్దు పాపా! మీ నాయన దోవలో ఉండాడు."

"అయిపోయిందవ్వా, ముందుకు లేదు."

"ముందుకు ల్యాకపోతే ఎనక్కి పో. వాళ్ళకూ యాడో ఒకసోట పట్టాభిషేకం ఉంటాది గదా!"

వెనక్కి, మొదటి సంచికల్లోకి పోయాను. కొత్తగా పుట్టిన దేశానికి మొదటి అధ్యక్షుడు మేడ మీద, జనం ముందు నిలబడి ప్రమాణం చేశాడు. అవ్వ కర్పూరం వెలిగించి నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. నా బుర్ర మాత్రం గిర్రున తిరిగింది. చచ్చిపోయింది ఎవరు, గద్దెనెక్కింది ఎవరు, ఎవరు ముందు?

అంతలో నాయన వచ్చాడు. లారీ దోవలో చెడిపోయిందట. అవ్వ కళ్ళు తుడుచుకోవడం చూసి బెదిరిపోయాడు. "ఎవురమ్మా పోయింది?"

"అమెరికా రాజు నాయనా. నువ్వు ముందు కాళ్ళు కడుక్కో."

ఇప్పుడు అవ్వ లేదు, నాయనా లేడు. కాయలు తోటల నుంచి నేరుగా ఫ్యాక్టరీలకు పోతున్నాయి. మాగబెట్టే గదిలో మా ఆయన మోటారుసైకిల్ నిలుపుతాడు. అమెరికా చరిత్ర మీద ఎంతో బాగా రాసిన వ్యాసాలు ఆ తర్వాత చాలా చదివాను, చదివిన ప్రతిసారీ ఆ పాత సంతోషమే. చదువుతున్నది చరిత్ర కోసమో, గడ్డిలో మాగిన ఆ మధ్యాహ్నాల కోసమో చెప్పమంటే చెప్పలేను.

మొన్న మా ఆయన చిత్తూరు పోయి పొద్దుగూకినా రాలేదు, ఫోనూ ఎత్తలేదు. నేను చదువుతున్న వ్యాసం సరిగ్గా ఆ నాటకశాలలోనే ముగిసింది. ఛీ, చదువుకున్నదాన్ని, ఇదేం పిచ్చి అనుకున్నాను. అనుకుంటూనే పేజీలు వెనక్కి తిప్పి, వినేవాళ్ళెవరూ లేని ఇంట్లో గట్టిగా చదవడం మొదలుపెట్టాను. వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది, "ఎవరితో మాట్లాడతా ఉండావు?" అని ఆయన గొంతూ వినిపించింది. నేను లేవలేదు. ప్రమాణం ఇంకా పూర్తి కాలేదు.