కాలువ గోడ మీద బూడిదరంగు బర్రెలు

ప్రొద్దుటూరు పెయింటరు హుమాయున్ దేవుణ్ణి తలచుకోకుండా కుంచె ముంచడు. మసీదు గుమ్మాలకు రంగులేసిన చేయి అది. గండి ఆంజనేయస్వామి తిరునాళ్ల బోర్డులు రాసిన చేయి కూడా అదే. ఎన్నికలప్పుడు అన్ని పార్టీల పేర్లూ రాసింది.

యర్రగుంట్ల దాటినాక సిమెంటు ఫ్యాక్టరీ కాలువ వెంట పొడుగాటి గోడ ఉంది. దాని నిండా రెండు వర్గాల సవాళ్లే. ఆ రాతలు చదువుకుంటూ బడికి పోయే పిల్లల్ని చూసి, ఊరి ఆడవాళ్లు ఈసారి అక్కడ బొమ్మలు వేయించాలనుకున్నారు. తలా ఒక రంగు డబ్బా తెచ్చారు. గొర్రెలు మేపుకునే గోవిందమ్మ పోయి హుమాయున్‌ను పిలుచుకొచ్చింది.

పొరపాటు అతనిదే. అలవాటు కొద్దీ ముందుగా గోడంతా సున్నం కొట్టాడు. ఇట్లా ఎన్నికల ముందు సున్నం కొట్టారంటే ఆ గోడను ఏదో పార్టీ పట్టుకున్నట్టే. ఎదుటివాళ్ల పనేనని రెండు వర్గాలూ అనుకున్నాయి. తెల్లారేసరికి కాలువకు ఈ గట్టున ఒక జీపు, ఆ గట్టున ఒక జీపు.

"ఎవురప్పా సున్నం కొట్టమనింది?" ఈ గట్టున దిగిన ఓబులేసు అడిగాడు. చొక్కా కింద కొడవలి పిడి తెలుస్తోంది.

"ఆడోళ్లు, మామా. బొమ్మలకు."

"బొమ్మలకా! ఎయ్యి మరి. మొదట ఏ రంగు ఎత్తుతావో చూస్తాం."

"మేమూ చూస్తాండాం లేప్పా!" ఆ గట్టు నుంచి రామసుబ్బయ్య అరిచాడు.

పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు. ఏది ఎత్తినా ఎవరిదో ఒకరి జెండా. ఎత్తకుండా పోతే అవతలివాళ్లకు అమ్ముడుపోయాడంటారు. ఇంటి దగ్గర భార్య జానీబీకి నెలలు నిండాయి. హుమాయున్ కుంచె పట్టుకుని డబ్బాల ముందే కూర్చున్నాడు.

గోవిందమ్మ మజ్జిగ చెంబు తెచ్చింది. కుంచె వదలని అతని చేతిని చూసి, చెంబు తానే పట్టుకుని తాగించింది.

"నాయనా, కాలువలో మునిగి లేసినా మన బర్రెలు ఈ దుమ్ముకు ఏ రంగుంటాయి? బూడిద రంగే గదా. అదే ఎయ్యి. ఆ రంగు మాదని ఇంతవరకు ఏ పార్టీ అడగల్యా."

గట్టు మీద పేరుకున్న దుమ్మును దోసిట్లోకి ఎత్తి బంకనీళ్లలో కలిపాడు. బర్రె వీపు గీశాడు. కడుపు, తోక. కొమ్ములు గీశాడో లేదో, రామసుబ్బయ్య అరిచాడు.

"యాడ చూసినావప్పా అట్లాంటి కొమ్ములు? మా బర్రెలకు ఎనక్కి పోతాయి!"

"నీ బర్రె గురించి ఎవురడిగినారు?" ఓబులేసు చేయి చొక్కా కిందికి పోయింది. హుమాయున్ కళ్లు మూసుకున్నాడు.

"సరేప్పా," కొంచెంసేపటికి ఓబులేసు గొంతు వినిపించింది. "వాళ్లది ఇంగోటి ఎయ్యి. దాని పైన మాది ఇంగోటి ఉండాల."

హుమాయున్ నిచ్చెన వేసి ఎక్కాడు. సున్నం నీళ్లకు తడిసిన గట్టున అది జారింది. ఓబులేసు ఎగిరి రెండు చేతులా పట్టుకున్నాడు.

"పైకి చూసుకోని గియ్యి. నేనుండా."

సాయంత్రమైనా జీపులు కదల్లేదు. కిందికి దిగితే ఏమవుతుందో తెలియక హుమాయున్ ఇంకో బర్రె మొదలుపెట్టాడు. ఓబులేసు నిచ్చెన వదల్లేదు.