ఏడో వరుస

నస్పూర్‌లో ఆ ఏడు చలి విపరీతంగా ఉంది. నేను పదో తరగతి. మా అక్క పురిటికొచ్చి కొడుకును కని తొమ్మిది రోజులైంది. వంటకు గ్యాస్ ఉన్నా బాలింతకు బొగ్గుల సెగే పెట్టాలని అవ్వ పట్టు. పాత ఇనుప బకెట్‌తో చేసిన పొయ్యిని వాకిట్లో ముట్టించి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రబడ్డాక తెచ్చి అక్క మంచం పక్కన పెట్టేది. ఆ రోజైతే కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కూడా కుక్కింది. పొగ లేకపోతే ప్రమాదం లేదని మా కాలనీలో అందరి నమ్మకం. నాదీ అదే.

ఆ రోజు బడిలో సైన్స్ సార్ అందరి ముందూ నా పరువు తీశారు. కార్బన్, ఆక్సిజన్ కలిసి CO అయ్యే సమీకరణాన్ని తుల్యం చేయమంటే, నేను CO కింద చిన్న రెండు తగిలించి CO₂ చేసేశాను. రెండు వైపులా లెక్క సరిపోయింది కదా, ఇంకేం కావాలని నా ధీమా.

"కింది అంకె ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పిన? రెండు ముందల పెట్టాలె. కింద పెడితే పదార్థమే మారిపాయె."

"ఒక్క ఆక్సిజనే కద సార్," అన్నాను, నోరు ఊరుకోక.

"గా ఒక్కటే మనిషిని తీస్కపోతది. గాలి ఆడని అర్రల బొగ్గులు కాలితే వచ్చేది గీ CO యే. పొగుండదు, వాసనుండదు. పండుకున్నోళ్లు పండుకున్నట్టే పోతరు. పదిసార్లు రాస్కరా."

సాయంత్రం అక్క గదిలో గోడకానుకుని కూర్చున్నాను. ఇల్లు మొత్తంలో వెచ్చగా ఉండేది అదొక్కటే. 2C + O₂ → 2CO. సార్ మీది కోపమంతా పెన్ను మీద చూపిస్తూ రాశాను. అక్క నిద్రపోతోంది. మూడు రోజులుగా ఇల్లెగిరేలా ఏడ్చిన బిడ్డ కూడా నిద్రపోతున్నాడు. అవ్వ తలుపు సందులోంచి తొంగిచూసి మురిసిపోయింది.

"ఇయ్యాల పొయ్యి పెట్టినసంది ఎంత మంచిగ పండుకున్నడో సూడు. లేపకు."

తలుపు మళ్లీ గట్టిగా వేసింది.

మూడో వరుసకు కణతల్లో పోటు మొదలైంది. ఐదో వరుసకు అక్షరాలు రెండేసి కనిపించాయి. పొయ్యి వైపు చూశాను. పొగ లేదు. వాసన లేదు. సార్ అన్న మాటలు గుర్తొచ్చాయి.

"అక్కా," అన్నాను. పలకలేదు.

భయమేసింది. కానీ తలుపు తీస్తే బాలింతకు గాలి తగిలిందని అవ్వ తిడుతుందన్న భయం అంతకంటే పెద్దదైంది. ఇంకో వరుస రాశాను. మరొకటి కూడా రాశాను.

అప్పుడు లేచాను. కాళ్లు తేలిపోతున్నాయి. తలుపు బార్లా తెరిచి, పొయ్యిని వాకిట్లోకి ఈడ్చాను.

"పిస లేసిందా నీకు? గాలి తగుల్తది!" అవ్వ మీది మీదికొచ్చింది.

"వాణ్ని ఏడిపియ్యవ్వా! ముందుగాల వాణ్ని ఏడిపియ్!"

నా అరుపుకు జంకి బిడ్డను ఎత్తుకుంది. వాడి తల వాలిపోయింది. అవ్వ చలిలోకి పరుగెత్తి వాడి అరికాళ్లు రుద్దుతూనే ఉంది. నేను లాక్కొచ్చిన అక్క గడప మీద కూలబడి వాంతి చేసుకుంది. ఎంతసేపటికో వాడు ఏడ్చాడు.

వాడిప్పుడు బడికి పోతున్నాడు. ఎత్తుకోమని చేతులు చాపితే నాకు సిగ్గేస్తుంది. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఐదో వరుసకే నాకు తెలుసు. దాని కింద ఇంకా రెండు వరుసలున్నాయి. రాత వంకర్లు పోయింది గానీ, లెక్క ఎక్కడా తప్పలేదు.