వద్దుకు ప్రాస

మా పాపకు అయిదేళ్ళు. స్కూల్లో వార్షికోత్సవం వస్తోందని నెల ముందునుంచే ఇంట్లో గెంతులు మొదలయ్యాయి. ఒక సాయంత్రం నేను గోరుచిక్కుడు కాయలు తుంచుతుంటే వచ్చి ఎదురుగా నిలబడి, నడుం ఒక పక్కకు వంచి, చూపుడువేలు అటూ ఇటూ ఊపుతూ "వద్దు వద్దు" అంది. ఆ వెంటనే తల దించుకుని సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. ఏంటే అది అంటే, "డాన్సమ్మా. మేము వద్దంటం, బాయ్స్ మా ఎన్క వస్తరు, అప్పుడు మేము నవ్వాలె. టీచర్ చెప్పింది" అని వివరించింది. పాట ఏదని అడిగాను. పల్లవి ఎత్తుకుంది. తుంచిన కాయ నా చేతిలోనే ఉండిపోయింది. నేను నాలుగో తరగతిలో ఉండగా వచ్చిన పాట అది. పాత పాటలు పెడితే తల్లిదండ్రులు హుషారుగా చూస్తారని ఈసారి అన్నీ పాతవే ఎంచారట. నాకింకా ముప్పై నిండలేదు, నా పాటలు అప్పుడే పాత పాటలైపోయాయి. అది వేరే దిగులు.

బాణీని తిట్టడానికి మాత్రం నోరు రాదు. డప్పు మొదలైతే ఈరోజుకీ కాలు దానంతట అదే కదులుతుంది. తంటా అంతా మాటలతోనే. అమ్మాయి వద్దంటుంది. ఆ వద్దు వెనక ముద్దు దాచావు కదూ అంటాడు అబ్బాయి. చరణాల్లో ఆమె బస్సెక్కినా, గుడికెళ్ళినా, నీళ్ళకెళ్ళినా వెంటే వస్తానంటాడు. ఆఖరికి ఆమె నవ్వేస్తుంది, వెనకాల గుంపు గుంపంతా రంగు బట్టల్లో ఎగురుతుంది. మన భాషలో వద్దుకు ముద్దు ప్రాస కుదరడం ఆడపిల్లల కర్మ. హద్దు కూడా కుదురుతుంది కాని, పాటల్లో హద్దు వచ్చేది దాటడానికే.

మా ఆయనతో చెబితే ఫోన్లోంచి తల ఎత్తకుండా, "మనం ఎగరలేదా దానికి? ఏమైంది మనకు? నువ్వు ప్రతిదానికీ గట్ల పరేషాన్ అయితవు" అన్నాడు. నిజమే, నేను అలాంటి మనిషినే. పాపకు ఒళ్ళు వెచ్చబడితే నా ఆలోచన డెంగీ దాకా వెళ్ళి వస్తుంది. స్కూల్ ఆటో కాస్త ఆలస్యమైతే గేటు పట్టుకుని నిలబడతాను. అందుకని ఇది కూడా ఆ బాపతే అనుకుని నోరు మూసుకున్నాను. కాని ఆ ఆదివారం, మేం ఖమ్మంలో కిరాయికుంటున్న ఇంటి ఓనరు మెట్ల మీద పాపను చూసి అలవాటుగా బుగ్గ పట్టుకున్నాడు. పెద్దాయన, మంచివాడే. అదివరకు పాప మొహం తిప్పుకుని "వద్దు తాతా, నొప్పి" అనేది, ఆయన వదిలేసేవాడు. ఈసారి నడుం వంచి, వేలు ఊపి, "వద్దు వద్దు" అని నవ్వింది. ఆయన పడీ పడీ నవ్వి, "అబ్బో, హీరోయినే!" అంటూ రెండో బుగ్గ కూడా పట్టుకున్నాడు. పాప నవ్వు ఆపలేదు గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి పుట్టినా స్టెప్పు తప్పలేదు. నేను దానికి నేర్పిన మాటల్లో గట్టి మాట అదొక్కటే. దాన్ని ఎవరో తీసుకుని, స్టెప్పు చేసి, తిరిగిచ్చారు. ఇక పాప నిజంగా వద్దన్నా ఎవరికీ వినపడదేమోనని నా భయం.

ఆ పాట అనగానే నాకు మా తాతయ్య గుర్తొస్తాడు, హీరో కాదు. మా అమ్మమ్మ వాళ్ళది అశ్వారావుపేట దగ్గర పల్లెటూరు. తాతయ్య వాళ్ళ నాన్న ఎప్పుడో కోస్తా వైపునుంచి వచ్చి భూమి కొన్నాడట. తాతయ్య కాలానికి అది పామాయిల్ తోట అయింది. అమ్మకు ఇంటర్‌తోనే వచ్చిన ఉద్యోగం వేరే ఊళ్ళో కావడంతో నేను అమ్మమ్మ దగ్గరే ఉండి చదువుకున్నాను. ఇంట్లో పిన్ని ఉండేది, అమ్మ చెల్లెలు. సత్తుపల్లిలో డిగ్రీ చదివేది, రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. ఆ ఇంటి నుంచి డిగ్రీ మెట్టెక్కిన మొదటి మనిషి తనే. పిన్నిని టీచరమ్మను చెయ్యాలని తాతయ్య కోరిక. గెలలు కోసే రోజు కూలీలతో కూడా, "మా చిన్నమ్మాయి వచ్చే ఏడు పరీక్ష రాసేస్తే" అని మొదలుపెట్టేవాడు. వాళ్ళు కత్తి గెడలు భుజాన పెట్టుకుని ఓపికగా వినేవాళ్ళు. నీడన నిలబడి వినే పని ఎవరికి చేదు.

గెలలు మిల్లుకు తోలే ట్రాక్టర్ల కోసం తాతయ్య కొత్తగా సెల్‌ఫోన్ కొన్నాడు. మనం ఫోన్ చేస్తే గంట బదులు పాట వినపడే రోజులవి, కాలర్ ట్యూన్ అనేవాళ్ళు. ఒకరోజు ట్రాక్టర్ డ్రైవర్‌కు చేస్తే ఈ పాట వచ్చింది. మధ్యలో ఒక ఆడగొంతు, ఈ పాట మీకూ కావాలంటే స్టార్ నొక్కండి అని చెప్పింది. అది రికార్డు గొంతని తాతయ్యకు తెలీదు. "ఎవరో అమ్మాయి అంత మర్యాదగా అడిగితే నొక్కకపోతే ఏం బాగుంటుంది?" అని నొక్కేశాడు. ఇక ఆ రోజునుంచి తాతయ్యకు ఎవరు ఫోన్ చేసినా, వద్దంటే వెంటపడతానని ఒక కుర్రాడు పాడేవాడు. డ్రైవర్లకు ఒకటే వినోదం. "పెద్దాయన మంచి హుషారు మీదున్నడు" అని నవ్వేవాళ్ళు. తాతయ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "పాటేంది, నాకేం వినపడదే" అనేవాడు. ఎవరో పరీక్షించుకోమంటే తన ఫోన్ నుంచి తన నంబరుకే చేసుకున్నాడు. లైను బిజీ అని రావడంతో, ఎవరో తనకు ఫోన్ చేస్తున్నారనుకుని చాలాసేపు అరుగు మీద ఎదురుచూశాడు. పిన్ని కాలేజీలో ఉండే వేళల్లోనే ఈ తమాషా అంతా. మా ఇంట్లో ఎవరమూ ఆ ఫోన్లో ఆ పాట వినలేదనే నేను అనుకున్నాను. ఆ ఫోన్ మా ఇంట్లోనే ఉంటుంది కదా, మేం ఎక్కడినుంచి చేస్తాం?

ఆ ఏడాదే, చలికాలం మొదట్లో, పిన్ని కాలేజీ మానేసింది. ఒక సాయంత్రం మామూలు కంటే పొద్దుపోయి ఇంటికొచ్చింది, మొహం కడుక్కుంది, నా జడ విప్పి మళ్ళీ వేసింది. మర్నాడు బస్సు వేళకు లేవలేదు. చదవబుద్ధి కావట్లేదంది. అమ్మమ్మ తిట్టింది, దిష్టి తీసింది, మళ్ళీ తిట్టింది. తాతయ్య మంచం పక్కన కూర్చుని, "ఎవరన్నా ఏమన్నా అన్నారామ్మా?" అని అడిగాడు. పిన్ని ఆయన మొహంలోకి ఒక రకంగా చూసి, "ఎవరూ ఏమీ అనలేదు నాన్నా" అంది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. కోపమనుకున్నాను. తర్వాత రెండేళ్ళకు చండ్రుగొండలో ఒక రైతింట్లో ఇచ్చారు. మిర్చి, పత్తి, ఇద్దరు పిల్లలు. బాబాయి నెమ్మదస్తుడు. పిన్ని మాట కూడా మెల్లగా అక్కడి యాసకు తిరిగిపోయింది.

ఓనరు సంగతి జరిగిన మర్నాడు పిన్నికి ఫోన్ చేశాను. పాప డాన్సు చూడ్డానికి రమ్మని పిలిచి, మాటల్లో పాట పేరు చెప్పాను. అవతల మిక్సీ ఆగింది. "ఏందే, ఆ పాటనా?" అంది. తర్వాత, మిర్చి ధర చెప్పే గొంతుతోనే, ఇన్నేళ్ళూ చెప్పనిది చెప్పింది.

సత్తుపల్లి బస్టాండులో ఒక అబ్బాయి రోజూ బండి మీద కూర్చుని తన చైనా ఫోన్లో ఆ పాటే పెట్టేవాడట. చైనా ఫోన్ అంటే ఆ రోజుల్లో లౌడ్ స్పీకరే. పిన్ని బస్సెక్కితే బస్సు వెనకే వచ్చేవాడు. టీ కొట్టు దగ్గర వాళ్ళకు అదొక సినిమా. ఓ సాయంత్రం పిన్ని ధైర్యం తెచ్చుకుని, అందరూ చూస్తుండగా, "వద్దు, నా వెంట రాకు" అంది. వాడు ఒక్క క్షణం ఆగి, పాటలో ఆ తర్వాతి పాదం పాడాడు. బస్టాండంతా చప్పట్లు కొట్టింది. "నేను వద్దన్ననే. వాళ్ళకు పల్లవి లెక్క వినొచ్చింది" అంది పిన్ని. ఆ నవ్వుల మధ్యనుంచి రూపాయి బిళ్ళ వేసే ఎర్ర డబ్బా ఫోన్ దగ్గరికి నడిచి, వచ్చి తీసుకుపొమ్మని చెప్పడానికి తాతయ్యకు ఫోన్ చేసింది. గంట మోగలేదు. ఆ పాటే వచ్చింది.

తాతయ్య ఎత్తేలోపే పెట్టేసిందట. నాన్న కూడా ఇది విని నవ్వుకుంటున్నాడు, నచ్చే పెట్టించుకున్నాడు, ఇక ఎవరికి చెప్పుకోవాలి అనుకుంది. తోటి ఆడవాళ్ళ గుంపు చూసుకుని ఏదో ఆటోలో పడి ఇంటికొచ్చింది. పెళ్ళయ్యాక చాన్నాళ్ళకు తనకూ ఒక ఫోన్ కొన్నారు. ఒకసారి అది గడ్డివాములో ఎక్కడో పడిపోతే, వెతకడానికి బాబాయి ఫోన్ నుంచి చేసింది. తను ఎన్నడూ పెట్టని భక్తిపాట ఏదో వినపడింది. ఎవరి ఫోన్ పాట వాళ్ళకు వినపడదని ఆ గడ్డివాము దగ్గర తెలిసింది. "నాన్నకు తెల్వనే తెల్వదు. అవ్, తెల్వనే తెల్వదు. నాకు సమజయ్యేటాలకు మనిషే లేకపాయె" అంది.

మళ్ళీ పిన్నే అంది: "స్కూలుకు పోయి అడుగు. మారుస్తరో మార్చరో, అది వాళ్ళ ఇష్టం. పిల్లను ఎంబడి తీస్కపో. నువ్వడగంగ అది సూడాలె."

తీసుకుని వెళ్ళాను. డాన్సు నేర్పే టీచరు నాకంటే చిన్నది. పొద్దున్నుంచి అరిచి గొంతు పోయి, చేతిలో వేణ్ణీళ్ళ సీసాతో ఉంది. నేను చెప్పింది విని, "ఎవ్వరూ అనలే మేడం, మీరొక్కరే. పిల్లలకేం అర్థమైతది?" అంది. అర్థం కాకుండానే నేర్చుకుంటారు కదా అదే నా బాధ అన్నాను. బుగ్గల సంగతి చెప్పాను. పాప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. పాట మార్చడం కుదరదంది టీచరు. పాటలన్నీ పెద్ద మేడం ఓకే చేసేశారు, డ్రెస్సులు కిరాయికి చెప్పేశారు. సీసా మూత తిప్పుతూ, "స్టెప్ నా చేతిల ఉంటది మేడం. వద్దనంగనే బాయ్స్ వాపస్ పోయేటట్టు పెడ్తా. ఎవ్వరు పట్టించుకోరు" అంది. అలసిపోయిన ఇద్దరం ఇంతకంటే గొప్పగా ఏమీ సాధించలేమని ఇద్దరికీ తెలుసు. సరేనన్నాను. ఇంటికి వస్తూ పాప, "అమ్మా, మరి నవ్వాల్నా వద్దా?" అని అడిగింది. నవ్వొస్తే నవ్వమన్నాను. దానికి ఇది చాలా కష్టమైన స్టెప్పులా తోచింది.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నానికే పిన్ని చండ్రుగొండ నుంచి బస్సులో వచ్చింది, మాకు కారం, పాపకు జామకాయలు పట్టుకుని. సాయంత్రం షామియానా కింద పాట మొదలవగానే నా చుట్టూ ఉన్న అమ్మానాన్నలంతా ఒక్కసారిగా పదేళ్ళు చిన్నవాళ్ళయిపోయారు. మా ఆయన మెల్లగా ఈల వేశాడు. పిన్ని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను స్టేజీ కంటే పిన్నినే ఎక్కువ చూశాను. పాటలో కుర్రాడు వదలను, వెంటే వస్తానని గొంతు చించుకుంటున్నాడు. స్టేజీ మీద మాత్రం, ఆడపిల్లలు వేలు చూపించగానే, మీసాలు దిద్దుకున్న చిన్న చిన్న మగపిల్లలు వరసగా వెనక్కి నడిచి, గోడను గుద్దుకుని ఆగుతున్నారు. పాటకూ ఆటకూ పొంతన లేదు. జనానికి అదేమీ పట్టలేదు, గట్టిగా పల్లవి అందుకున్నారు.

మా పాప ఎదుటి పిల్లవాడు రెండోసారి స్టెప్పు మర్చిపోయాడు. మొదట నేర్చుకున్నట్టే నవ్వుకుంటూ ముందుకు వచ్చేశాడు. పాప వేలు ఊపడం ఆపేసింది. నడుం మీద చేతులు పెట్టుకుని, డాన్సు మాట మర్చిపోయి, ముందు వరసలకంతా వినపడేలా, "వద్దన్న గదరా!" అంది. ఆ మొహంలో నవ్వు లేదు. జనం గొల్లున నవ్వారు. పిల్లవాడు బిక్కమొహం వేసుకుని అక్కడే ఆగిపోయాడు. ఆ తర్వాత ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ తన వరసలోకి వెళ్ళిపోయాడు.

"ఆగిండు" అంది పిన్ని, నాతోనో తనతోనో. "సూడే, ఆగిండు."

పాట ఇంకా సాగుతూనే ఉంది. మా వెనక వరసలో ఎవరో నాన్న, చంకలోని ఆడపిల్లను ఎగరేస్తూ, వెంటే వస్తానని గొంతెత్తి పాడుతున్నాడు. తనేం పాడుతున్నాడో ఆయనకు వినపడుతున్నట్టు లేదు. పాటలకు వయసు ఇట్టే వచ్చేస్తుంది. బుద్ధి రావడానికే, మనుషులకు పట్టినంత కాలం పడుతుంది.