ఇంజనుకు సున్నం పూసిన హేమ్లి

హేమ్లి మొగుడు దేవ్లాకు కారుంది. ఎనభైల మొదట్లో ఆ తండాలో కారంటే దొరతనమే. దొర అయితే అయ్యాడు గాని ఆ కారు పాతది. ఎవరో కాంట్రాక్టరు అరగదీసి వదిలించుకున్న అంబాసిడర్. దాన్ని పాల్వంచ స్టాండులో పెట్టి భద్రాచలానికి కిరాయిలు తిప్పేవాడు.

కారు రాకముందు ఆ ఇంటిని నడిపింది హేమ్లి. ఎట్లా నడిపిందంటే, అడవిలో ఇప్పపూలు ఏరి, సారా కాచి. ఆబ్కారీ వాళ్ళు వచ్చి కుండలు పగలగొట్టిపోయేవారు. ఆమె కొత్త కుండలు తెచ్చుకునేది. కారు వచ్చాకే మానింది, అదీ దేవ్లా పోరు పడలేక. స్టాండులో తోటి డ్రైవర్లు తనను సారా హేమ్లి మొగుడంటారని అతని దిగులు. ఇంట్లో కుండల మాటే వినబడకూడదన్నాడు. ఆమె కాచడం మానేసింది. సిగ్గుపడటం మాత్రం ఎవరు చెప్పినా నేర్చుకోలేదు.

ఆ ఏడు తొలి వానలప్పుడు కూతురు బాలి కాన్పుకు వచ్చింది. మొదటిసారి నొప్పులు పడుతున్న బాలిని ఎడ్లబండి మీద వేసుకుని పోతుంటే పసిగుడ్డు దారిలోనే పోయింది. ఈసారి భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నొప్పులు మొదలు కాగానే తీసుకురావాలి, ఆపరేషన్ అవసరం పడొచ్చు. వానలు ముదిరితే కిరాయి జీపులు వాగు దాటి తండాకు రావు. పుట్టింట్లో కారుందన్న ధైర్యంతోనే అత్తగారు బాలిని పంపారు.

ఆ కారేమో భద్రాచలం దారిలో బూర్గంపాడు చేరకముందే ఆవిరి కక్కి నిలబడిపోవడం మొదలుపెట్టింది.

పొద్దున రేడియేటర్ నిండా నీళ్ళు పోసేవాడు దేవ్లా. సగం దారిలో వేడి చూపించే ముల్లు పైకి ఎగబాకేది. మూత తీస్తే నీళ్ళు అడుగున ఉండేవి. కారు కింద దూరి చూస్తే నేల పొడిగా ఉండేది. రబ్బరు గొట్టాలు మార్చాడు. రేడియేటర్‌కు మాట్లు వేయించాడు. చివరికి డ్రైవర్లందరూ చేసే వైద్యమే చేశాడు, రేడియేటర్లో పసుపు పోశాడు. పసుపు పోయి చిల్లిలో కూర్చుంటుందని వాళ్ళ నమ్మకం. ఆగకపోతే మళ్ళీ పోశాడు. కారు కడుపులో పెళ్ళికి సరిపడా పసుపు చేరింది. నీళ్ళు ఎప్పటిలాగే పోయాయి.

పాల్వంచ మెకానిక్ బొజ్జయ్య చూసి పెదవి విరిచాడు. "లోపల్నే యాడనో తాగుతున్నది దేవ్లన్నా. ఇంజన్ మొత్తం దించి విప్పాలె. సామాన్ ఎప్పుడొస్తదో, మళ్ల ఎప్పుడు బిగిస్తనో నన్నడగొద్దు."

విప్పితే కాన్పు నాటికి కారుండదు. విప్పకపోతే ఉన్నా లేనట్టే. దేవ్లా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"కింద సుక్క లేదు. నీళ్ళేమో లేవు. దయ్యమేమన్న తాగుతున్నదా ఏంది?"

"వాగు నిండ నీళ్ళు పెట్టుకొని నీ డొక్కు కారే దొరికిందా దయ్యానికి?" అంది హేమ్లి. "బండి ఆగినంక చూస్తే ఏం కనబడ్తది? కుండ పొయ్యి మీదున్నప్పుడు చూడాలె."

"కుండల మాట తీయొద్దన్న."

"తీస్త. నీ కారు గూడ కుండే. లోపల మంట, నీళ్ళు, పైన మూత, ఓ గొట్టం. దాంట్ల నాకు తెల్వని సామానేమున్నది?"

సారా కాచేటప్పుడు కుండ మీద కుండ ఎక్కించి, అతుకుల చుట్టూ తడి మట్టి మెత్తుతారు. వేడికి మట్టి ఎండి పాలిపోతుంది. ఎక్కడ పాలిపోకుండా నల్లగా చెమ్మగిల్లి ఉందో, అక్కడినుంచి ఆవిరి దొంగచాటుగా పోతున్నట్టు. నేల మీద చుక్క పడదు, సరుకు మాత్రం తగ్గుతుంది. హేమ్లికి ఆ దొంగను పట్టడం చిన్ననాటి నుంచి అలవాటు. కాకపోతే ఇంజను జిడ్డు నలుపు. దాని మీద మట్టి ఆనదు. అందుకని గోడలకు పూయగా మిగిలిన సున్నం బకెట్లో కలుపుకుని కారెక్కి కూర్చుంది. దిగమంటే దిగలేదు.

షెడ్డు ముందు ఆమె బకెట్ దించగానే బొజ్జయ్య నవ్వాడు. "ఏంది వదినే, నా షెడ్డుకు సున్నమేస్తవా?"

"నీ షెడ్డు ఎంతేసినా తెల్లబడదు మరిదీ. ఇంజన్‌కు వేస్త. జిడ్డు తుడువు."

ఏం చేయబోతోందో చెప్పింది. బొజ్జయ్య నవ్వు ఆపి, కిరసనాయిలు గుడ్డతో ఇంజను తుడిచి పెట్టాడు. ఆమె గొట్టాల మూతులకు, పంపు చుట్టూ, రేడియేటర్ అంచులకు, ఇంజను పైభాగం కిందిభాగంతో కలిసే గీత పొడవునా సున్నం పూసింది. ఆరనిచ్చారు. దేవ్లా తల దించుకుని కాస్త దూరం తోలి తెచ్చాడు. బానెట్ ఎత్తారు. సున్నం ఎక్కడిదక్కడే, ముగ్గు వేసినట్టు తెల్లగా ఉంది.

"అయిందా నీ తమాషా?" అన్నాడు దేవ్లా. ఓడిపోయింది తన కారేనని ఆ నిమిషానికి మర్చిపోయాడు.

"కాలె. ఖాళీ బండి ఉరికిచ్చినవ్. మంట చాలలే. బరువెయ్యి, ఎత్తు ఎక్కియ్యి."

స్టాండులో ఊరికే కూర్చున్నవాళ్ళను పిలిస్తే కిరాయి లేని ప్రయాణమని ఒకరి ఒళ్ళో ఒకరు ఎక్కారు. దేవ్లా వాళ్ళందరినీ ఎత్తు రోడ్డు మీదికి లాగి, ముల్లు పైకి పోయేదాకా తోలి, తిప్పుకొచ్చాడు. బానెట్ ఎత్తగానే వెనక్కి జరిగాడు.

"రక్తమేంది?"

ఇంజను రెండు భాగాలు కలిసే గీత మీద, ఓ పక్కన, పొగగొట్టానికి సరిగ్గా పైన, సున్నం మీద ఎర్రటి చార దిగింది, పెళ్ళికూతురి పాదం మీద పారాణి లాగా.

"రక్తం గాదు. నువ్వు పోసిన పసుపే," అంది హేమ్లి. "సున్నం తగిలితే ఎర్రగాదా? గింత తెల్వదా?"

బొజ్జయ్య వంగి చూశాడు. "హెడ్ గ్యాస్కెట్, గీ రెండిటి నడుమ రేకు, అంచుకు తినుకపోయిందన్నా. వేడెక్కినప్పుడే కారుతున్నది, కారింది కారినట్టు పొగగొట్టం మీద పడి ఆవిరైతున్నది. కింద సుక్క ఎట్ల పడ్తది? ఇంజన్ దించే పని లేదు. పైన హెడ్ ఒక్కటి లేపితే సాలు." హేమ్లి వైపు తిరిగి, "వదినే, గీ ఉపాయం యాడ నేర్చినవ్?" అని అడిగాడు.

దిగినవాళ్ళందరూ చుట్టూ ఉన్నారు. దేవ్లా అటు తిరిగి టైరు చూస్తున్నాడు.

"యాడ నేర్చుడేంది? సారా కాచిన. మస్తుగ కాచిన," అంది హేమ్లి, బజారు చివరిదాకా వినబడేటట్టు.

బొజ్జయ్య గ్యాస్కెట్ మార్చి, రేడియేటర్ విప్పి లోపల పేరుకున్న పసుపంతా కడిగి పంపాడు. దేవ్లా మాత్రం ఇంటికి పోయేదాకా భార్యతో మాట్లాడలేదు. ఆమెకు ఆ లోటు తెలియలేదు, ఆమే మాట్లాడుతూ వచ్చింది.

నొప్పులు ఓ పొద్దున జడివానలో వచ్చాయి. బాలి వెనక సీట్లో తల్లి ఒళ్ళో పడుకుని "యాడీ, యాడీ" అని తమ భాషలో అమ్మను పిలుస్తూ మూలుగుతోంది. వాగు దాటారు. దేవ్లా దారి కంటే ముల్లునే ఎక్కువ చూస్తున్నాడు.

"ముల్లు నేను చూస్త. నువ్వు తొవ్వ చూడు," అని కసిరింది హేమ్లి. ఒక చేత్తో బాలి పొట్ట పట్టుకుని, ముందుకు వంగి, ఆ ముల్లు మీంచి చూపు తీయలేదు. బూర్గంపాడు వెనకబడింది. సారపాక వెనకబడింది. గోదావరి వంతెన మీద కూడా ముల్లు నడుమ దగ్గరే నిలబడి ఉంది.

ఆపరేషన్ అవసరం పడింది. హేమ్లి బయటికి వచ్చేసరికి వాన వెలిసింది. దేవ్లా బానెట్ ఎత్తి, మూత మీద గుడ్డ వేసి తిప్పబోతున్నాడు.

"ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు," అంది.

అతని చెయ్యి మూత మీదే ఆగిపోయింది. "నీళ్ళు ఉన్నయో లేవో చూస్తున్న," అన్నాడు.

"ఉంటయ్. చల్లారనియ్యి. చెయ్యి కాలిందంటే పసిదాన్ని ఇంటికెట్ల తోలుకపోతవ్?"